చిలక రెక్కల కింద

పెళ్లయి అయిదు వారాలైంది. ఈ అయిదు వారాల్లో కొత్త కోడలు కనిపెట్టిన వింతల్లో ఆమెకి అన్నిటికన్నా నచ్చింది మొగుడి గోళ్లు. పొద్దున్నే కడిగిన ముత్యంలా కిందికి దిగిన మనిషి మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చేసరికి, షెడ్డులో ఆ రోజు ఏ బండి మీద చెయ్యి పడిందో గోళ్లే చెప్పేసేవి. ఎర్రగా ఉంటే మందుల షాపాయన వ్యాను. బూడిదరంగులో ఉంటే పని ఇంకా ప్రైమరు దగ్గరే ఉందన్నమాట. ఆమె గుమ్మంలోనే అతని చేతులు పట్టుకుని చూసి బండి ఏదో చెప్పాలి. ఒప్పయితే అతను కంచాలు కడగాలి, తప్పయితే ఆమె. అయిదు వారాల్లో ఆమె కంచాలు కడిగింది రెండే రెండు రోజులు.

ఆ సోమవారం గోళ్లు చిలకపచ్చగా ఉన్నాయి. గెలిచానన్న సంబరంతో నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

"చిలక మళ్లీ వచ్చిందా?"

"వచ్చింది. మళ్లీ అదే జబ్బు."

చిలక అంటే పళ్ల డాక్టరమ్మగారి కారు. ఇద్దరే పట్టే పొట్టి స్పోర్ట్స్ కారు, నేలకి మూరెడెత్తులో పాకుతున్నట్టుంటుంది. ఒళ్లంతా రేకు కాదు, ఫైబర్. ఎనిమిది నెలల కిందట రంగు వెలిసిపోయిందని మొదటిసారి వచ్చింది. మామగారు కొత్త రంగు వేసి పంపారు. మూడు నెలలు తిరక్కుండానే ముందు మడ్‌గార్డుల మీద చిన్నచిన్న పగుళ్లు కనిపించాయి. పగులంటే గీతలా కాదు. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ సన్నని కాళ్లు, అచ్చం ఆకాశంలో నక్షత్రంలా. మామగారు అంతా గీకించి మళ్లీ రంగు వేశారు. ఇప్పుడు మళ్లీ పదకొండు నక్షత్రాలు పొడిచాయి.

వాళ్లది మేడ మీద ఇల్లు, కింద షెడ్డు. మధ్యన ఇరవైరెండు ఇనప మెట్లు. కింద కంప్రెసర్ తిరిగితే వంటింటి అరలో గ్లాసులు సన్నగా పాడతాయి. ఆ పాట వినగానే అత్తగారు "మాస్టారు గన్ను పట్టారు" అంటుంది. నలభై ఏళ్లుగా స్ప్రే గన్ను పట్టిన ఆయన్ని ఊరంతా రంగు మాస్టారనే పిలుస్తుంది కాబట్టి కట్టుకున్న పెళ్లానికి కూడా ఆయన మాస్టారే.

ఆ మధ్యాహ్నం గ్లాసులు పాడలేదు. మామగారు గన్నుని థిన్నరుతో కడిగి, తుడిచి, పాత తువ్వాలులో చుట్టి పట్టుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు.

"ఈ ఒక్క కారూ పూర్తి చేస్తాను," అన్నారు. "వచ్చే వారం శనివారం నా పాత శిష్యుణ్ణి రమ్మన్నాను. గన్ను వాడికిచ్చేస్తా. ఆ తర్వాత మన షెడ్డులో సొట్టలు తియ్యడం, ఫైబర్ పనీ అంతే. రంగుకి వాడి దగ్గరికి పంపుదాం."

"ఇదేం మాట, నాలుగు చుక్కలు పగిలితే," అంది అత్తగారు.

"నాలుగు కాదు, పదకొండు. ముందు ఎవడో వేసిన రంగు ఆ కారు మీద ఇరవయ్యేళ్లు నిలబడింది. నేను వేసింది మూడు నెలలు నిలవలేదు. రంగు అదే, థిన్నర్ అదే, బండి అదే. మారింది నా చెయ్యొక్కటే." ఆయన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "చెయ్యి చెడ్డాక పట్టుకుని వేలాడకూడదు."

కోడలికి ఆయన గొంతులో కోపం వినిపించి ఉంటే భయం వేసేది కాదు. ఆయన చాలా మామూలుగా చెప్పారు, బస్సు టైము చెప్పినట్టు.

భోజనాలయ్యాక ఆమె మొగుడి వెంట కిందికి దిగింది. చిలకని దగ్గరగా చూడ్డం ఆమెకి ఇదే మొదలు. ముందు మడ్‌గార్డులు రెండూ నిండు బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. వెనక డిక్కీ మీద గాలికి ఎత్తినట్టు ఒక అడ్డపలక. కుర్రకారు మోజుపడి పెట్టించుకునే ఆ పలకని షెడ్డులో అందరూ రెక్క అంటారు. ఆ రెక్క కింద ఉసిరికాయంత మట్టిముద్ద, దాని చుట్టూ చక్కగా అంచులు మడిచి అతికించిన మాస్కింగ్ టేపు.

"ఇదేంటండీ?"

"కందిరీగ గూడు. దాన్ని ముట్టుకోవద్దని డాక్టరమ్మ మొదట్లోనే ఫోన్ చేసి చెప్పింది. రెండుసార్లూ నాన్నే స్వయంగా టేపు వేసి దాని మీద రంగు తుంపర పడకుండా చూశాడు. ఆవిడది జాలిగుండెలే."

"కందిరీగ ఉందా అందులో?"

"పోయి ఎన్నేళ్లయిందో. అయినా ఇల్లు ఇల్లే కదా."

ఆమె మురిసిపోయింది. చచ్చిన కందిరీగ ఇంటికి కూడా మర్యాద చేసే షెడ్డులో కాపురానికి వచ్చానని ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

బుధవారం దాకా ఇంట్లో పొడిమాటలే. మామగారు రంగు కలిపే పాళ్లు మార్చి చూశారు, కొత్త థిన్నర్ తెప్పించారు, చేసిన ప్రతి పనికీ తలాడించి "ఊహూఁ, ఇది కాదు" అన్నారు. ఆయన కళ్లద్దాలతో, భూతద్దంతో, ఒకసారి ఒట్టి అరచేత్తో మడ్‌గార్డుల పైభాగం తడిమి తడిమి చూశారు. జీవితమంతా పైనే పని చేసిన మనిషి, పైనే వెతుకుతున్నారు.

బుధవారం మధ్యాహ్నం భోజనంలో కోడలి పంటి కింద రాయి పడింది.

కటుక్కుమన్న చప్పుడు బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ వినపడింది. ఆమె దవడ పట్టుకుంది.

"అయ్యో, నా కళ్లు మండా, ఏరుతూనే ఉన్నాను," అంది అత్తగారు నొచ్చుకుంటూ. "ఊసెయ్యమ్మా. పన్ను విరగలేదు కదా?"

"విరిగితే డాక్టరమ్మ మనకే బాకీ," అన్నాడు మొగుడు.

ఆమె రాయిని వేలి మీద పెట్టుకుని చూస్తోంది. తర్వాత నెమ్మదిగా తన కణత ముట్టుకుంది.

"అత్తయ్యా, రాయి కింద కదా ఉంది. నాకు ఇక్కడ జివ్వుమందేంటి?"

"కింద కొడితే పైకి పాకదూ మరి."

కోడలు ఆ రాయిని కంచం అంచున పెట్టి లేచి నిలబడింది. డిగ్రీలో మూడేళ్లు ఫిజిక్స్ చదివి పరీక్షలు రాసింది గానీ, ఆ చదువు ఇలా భోజనం మధ్యలో లేవమంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చెయ్యి కడుక్కుని, మెట్ల మీద చప్పుడు చేసుకుంటూ దిగిపోయింది.

"అన్నం మీద అలిగిందా?" అన్నారు మామగారు.

"అలక కాదు నాన్నా, ఆ మొహం నాకు తెలుసు. ఏదో తట్టింది," అంటూ తడిచేత్తోనే వెనకాల పరిగెత్తాడు కొడుకు.

అతను జాకీ పెట్టి చిలకని లేపి, ముందు చక్రం ఊడదీశాడు. ఇద్దరూ నేల మీద గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని మడ్‌గార్డు లోపలికి తలలు దూర్చారు. లోపల చోటు ఒక తలకి చాలు. రెండు తలలు పట్టాలంటే చెంపలు ఆనాల్సిందే. పనిలో ఉన్నాను కాబట్టి ఇది సరసం కాదని ఆమె తనకి తాను చెప్పుకుంది.

మడ్‌గార్డు అడుగు అద్దంలా ఉంది. గరుకన్నది లేకుండా చిత్రిక పట్టినట్టు నున్నగా, పైభాగానికి ఏమాత్రం తీసిపోని చిలకపచ్చ రంగుతో మెరుస్తోంది. టార్చి వేస్తే ఆ మెరుపులో అక్కడక్కడ తెల్లటి గాట్లు కనిపించాయి. ఒక్కొక్కటీ కందిగింజంత.

"మీరు బయటికెళ్లి పైన ఒక నక్షత్రం మీద వేలు పెట్టండి," అంది.

అతను లేచి వెళ్లి పెట్టాడు. ఆమె కింద నుంచి ఒక గాటు మీద వేలు పెట్టి నొక్కింది.

"తగిలింది," అన్నాడు అతను పైనుంచి. "నీ వేలు నా వేలికి కిందే ఉంది."

"ఇంకోటి."

ఇంకోటీ అంతే. రెండో పక్క చక్రం కూడా తీసి చూశారు. పదకొండు నక్షత్రాలకీ కింద పదకొండు గాట్లు. మధ్యలో అట్టముక్కంత ఫైబర్ అడ్డం, అటు అతని వేలు, ఇటు ఆమె వేలు. డాక్టరమ్మ క్లినిక్ ఊరి చివర ఉంది. చివరి మూడు మైళ్లూ కంకర రోడ్డు. వెడల్పాటి టైరు కంకరని పట్టి పైకి విసురుతుంది, రాయి కింద గుద్దుతుంది, దెబ్బ ఫైబర్‌లోంచి పాకి పైన రంగుని నక్షత్రంలా చీలుస్తుంది.

"మామయ్యగారి చెయ్యి కాదు," అంది ఆమె బయటికి వచ్చి, జుట్టు నిండా దుమ్ముతో. "రంగుది తప్పే కాదు. ఇంత పల్చటి ఫైబర్ కింద ఏదో అడ్డు లేకుండా ఎలా ఉంచారు? ఇరవయ్యేళ్లూ ఇలాగే తిరిగిందా ఇది?"

అతను ఊడదీసిన చిలక చక్రం మీద కూర్చున్నాడు.

"ఏవండీ."

"ఇలా లేదు. మొదటిసారి వచ్చినప్పుడు దీని అడుగున నల్లగా ఏదో ఉండేది. మందంగా, తారు పూసిన పాత గోనెలా, అసహ్యంగా. మధ్యలో రబ్బరు షీటు కూడా ఉన్నట్టుంది. ఎవడో బద్ధకస్తుడు వదిలేసిన చెత్త అనుకున్నాను. మూడు రోజులు గీకాను. తర్వాత ఉప్పుకాగితం పట్టి, కింద కూడా పైలాగే ఉండాలని..." అతను ఆ మెరుపుని చూశాడు. "షెడ్డులో నేను చేసిన పనుల్లో ఇదే అందమైనది అనుకున్నానే."

"తియ్యొచ్చా అని డాక్టరమ్మని అడగలేదా?"

"అడగడమేంటి, ఆవిడే ముందు చెప్పింది కదా ఏది ముట్టుకోకూడదో. గూడు. అది ముట్టుకోలేదు."

డాక్టరమ్మ సరిగ్గా ఏమందో చూద్దామని ఆమె పనుల పుస్తకం తెమ్మంది. ఫోన్లు పైనే వస్తాయి కాబట్టి ఆ పుస్తకం రాసేది అత్తగారు. ఎనిమిది నెలల కిందటి పేజీలో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క ముక్క: డాక్టరమ్మ కారు. పూర్తి రంగు. రెక్కల కింద ఉన్నది తియ్యొద్దన్నారు.

కోడలు ఆ వాక్యం మీద వేలు పెట్టి వెనక్కి తిరిగి అడ్డపలకని చూసింది.

"రెక్క ఎన్ని?"

"ఒకటే కదా, కనపడుతూనే ఉంది."

"మరి ఇక్కడ రెక్కల అని ఉందేం?"

మెట్ల మీద నుంచి మామగారి గొంతు వినపడింది. అప్పుడే దిగి వస్తున్నారు. "పెద్దావిడ, చదువుకున్నావిడ. మర్యాదకి బహువచనం వాడిందనుకున్నానమ్మా."

కోడలికి నవ్వు ఆగలేదు. కారు రెక్కకి మర్యాద. ఆమె గోనె మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కానీ మొగుడు నవ్వడం లేదని చూసి కళ్లు తుడుచుకుంది. తండ్రి గన్ను శిష్యుడికి ఇచ్చెయ్యబోతున్నది కొడుకు గీకిన గీకుడు వల్ల. ఆ ముక్క ఆయనకి ఇంకా తెలియదు. చెప్పాల్సింది ఆమె కాదు.

అతను ముందు ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

"చెప్పండి బాబూ," అంది డాక్టరమ్మ. "నోరు ముయ్యకండి. మీతో కాదు, పేషెంటుతో. ఊఁ, చెప్పండి."

"మేడం, మొదటిసారి మీరు రెక్కల కింద ఉన్నది తియ్యొద్దన్నారు. రెక్కలంటే ఏవి మేడం?"

"రెక్కలంటే రెక్కలే. ముందువి రెండు. మీరేదో అంటారు, మడ్‌గార్డులు."

"మరి వెనక ఉన్నది?"

"అది తోక." ఆవిడ గొంతులో ఇంతకన్నా తెలిసిన విషయం ఇంకోటి లేనంత ధీమా ఉంది. "చిలకకి రెక్కలు పక్కనుంటాయా, వెనకుంటాయా? కొన్న కొత్తలో రెక్కల కింద ఆ నల్ల రబ్బరు పొర దగ్గరుండి వేయించాను. కంకర రోడ్డు కదా మాది. ఏం, ఊడిందా?"

"ఊడలేదు మేడం. నేనే ఊడదీశాను."

ఫోనులో కాసేపు పళ్లు తోమే మిషను గిర్రుమంది.

"మరి గూడు, మేడం?" అన్నారు మామగారు ఉండబట్టలేక.

"ఏ గూడు?"

అతను మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగాడు. దాపరికం లేకుండా చెప్పాడు: నల్లపొర, మూడు రోజులు, ఉప్పుకాగితం. "నీ చెయ్యి కాదు నాన్నా. నాది. ఎనిమిది నెలలుగా నా తప్పు నువ్వు మోస్తున్నావు."

మామగారు చిలక కిందికి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"మూడు రోజులు గీకావా?"

"మూడు."

"పని మాత్రం నున్నగా చేశావురా." ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. "కానీ ఇది నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్న మాట కూడా కావచ్చు. పైన నా రంగు పెళుసుగా ఉండబట్టే చీలిందేమో. గట్టి చెయ్యి వేసిన రంగైతే ఆ దెబ్బకి ఓర్చుకునేదేమో. శనివారం మాట శనివారమే."

కోడలు, "అయితే రుజువు చేద్దాం మామయ్యా," అంది. "మీరే రంగు వెయ్యాలి, మీరే రాళ్లు విసరాలి."

షెడ్డు వెనక పడి ఉన్న పాత ఫైబర్ మడ్‌గార్డు ఒకటి తీశారు. గురువారం పొద్దున్న అతను దాని అడుగుభాగాన్ని సగానికి గీత గీశాడు. ఒక సగాన్ని మోటు ఉప్పుకాగితంతో గరుకు చేసి, రెసిన్ జిగురు పూసి, ఫైబర్ దారాల చాప రెండు పొరలు పరిచాడు. అది ఎండలో గట్టిపడ్డాక రబ్బరు షీటు అతికించి, పైన ఎండినా సాగే గుణమున్న నల్ల కోటింగు పట్టించాడు. రెండో సగం అలాగే వదిలేశాడు. మామగారు తువ్వాలు విప్పి, పైభాగం మొత్తానికీ ఒకే గన్నుతో, ఒకే డబ్బాలోంచి, ఒకే ఊపులో రంగు వేశారు. పైన గ్లాసులు పాడాయి. అత్తగారు మెట్ల దాకా వచ్చి విని వెళ్లింది.

నాలుగు రోజులు ఆరనిచ్చారు. సోమవారం దాన్ని అడుగుభాగం తమ వైపుండేలా నిలబెట్టి కట్టి, మామగారు ఉండేలు పట్టుకున్నారు. ఉండేలు కోడలిది. ఆమె పెళ్లి సామానులో పుస్తకాల పెట్టె అడుగున అది దొరికినప్పుడు అత్తగారు రెండు రోజులు నవ్వింది.

నల్లపొర లేని సగం మీద మొదటి కంకర ఠంగుమంది. పైన వెంటనే నక్షత్రం. రెండో రాయికి రెండో నక్షత్రం. మామగారు పక్క సగానికి గురిపెట్టారు. రాయి దబ్బుమని తగిలి, పరుపు మీద పడ్డట్టు చచ్చుగా కిందికి జారింది. ఆయన అవతలికి వెళ్లి పైభాగం తడిమారు. ఇంకో రాయి. ఇంకోటి. దగ్గరకి జరిగి ఇంకా గట్టిగా. ఇరవై రాళ్లు కొట్టి ఉంటారు. ఇటు సగం నిండా నక్షత్రాలు, అటు సగం నున్నగా, తడి ఆరని ఆకులా.

"రంగు ఒకటే," అంది కోడలు. "చెయ్యి కూడా."

మామగారు ఉండేలు ఆమెకి తిరిగిచ్చి, "గురి ఎడమకి లాగుతోంది, రబ్బరు మార్పించు," అని లోపలికి వెళ్లి కంప్రెసర్ వేశారు.

ఆ తర్వాత మూడు రోజులు చిలక మీద ముగ్గురూ పడ్డారు. మామగారు నక్షత్రాలు గీకించి పైన మళ్లీ రంగు వేశారు. అతను తన అద్దంలాంటి పనిని తన చేత్తోనే గరుకు చేస్తూ ప్రతి అయిదు నిమిషాలకీ నిట్టూర్చాడు. చాప వేసి, రబ్బరు వేసి, చివరి నల్ల కోటింగు దగ్గరికి వచ్చేసరికి మామగారు అడ్డొచ్చారు. నలభై ఏళ్లలో ఏ కారుకీ కిందిభాగం తాను వెయ్యలేదట, ఇది తనకే వదలాలట. వెల్లకిలా పడుకుని గన్ను పట్టుకున్న ఆయన బయటికి వచ్చేసరికి కనుబొమలు కూడా నల్లబడ్డాయి.

"మొసలి తోలులా తయారైంది," అన్నాడు కొడుకు బెంగగా.

"ఎవరికీ కనపడదులెండి," అంది కోడలు. "మనకి తెలుసు, చాలు."

శనివారం పొద్దున్న శిష్యుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. గన్ను పెట్టుకోవడానికి లోపల స్పాంజి వేయించిన కొత్త పెట్టె కూడా తెచ్చుకున్నాడు. అదే సమయానికి డాక్టరమ్మ కూడా దిగింది. మామగారు శిష్యుణ్ణి కుర్చీలో కూర్చోమని చెప్పి, ఆవిడ పక్క సీట్లో ఒదిగి కూర్చున్నారు. "కంకర రోడ్డు చివరిదాకా పోనివ్వండి డాక్టరమ్మా. మెల్లగా వద్దు."

గంటంపావు తర్వాత చిలక దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చింది. మామగారు దిగి తడిగుడ్డతో మడ్‌గార్డులు రెండూ తుడిచారు. కళ్లద్దాలు తీసి, అరచెయ్యి పరిచి, ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా జరిపారు. మళ్లీ వెనక నుంచి ముందుకి.

"దారంతా దబ్బు దబ్బుమని ఒకటే చప్పుడు," అన్నారు తనలో తను అనుకుంటున్నట్టు. "చుక్క లేదు." తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. "ఒరే, పెట్టె బాగుంది. ఇక్కడ పెట్టి వెళ్లు. గన్నుకి సరిపోతుంది."

"గన్ను ఇస్తానన్నారుగా మాస్టారూ."

"చెయ్యి చెడితే ఇస్తానన్నాను. చెడలేదు. టీ తాగి వెళ్లు."

శిష్యుడు పెట్టె వంకా ఆయన నల్లటి కనుబొమల వంకా చూసి నవ్వేశాడు. "ఈ మాట ముందే చెప్తే స్పాంజి మీకు నచ్చిన రంగే వేయించేవాణ్ణి," అన్నాడు, కుర్చీ టీ వైపు జరుపుకుంటూ.

డాక్టరమ్మ అప్పటికే వెనక్కి వెళ్లి, వంగి, తోక కింద మట్టిగూడుని విచిత్రంగా చూస్తోంది. అత్తగారు గరిట లాంటిదేదో తెచ్చి తీసెయ్యమంటారా అని అడిగింది.

"ఉండనివ్వండి," అంది ఆవిడ. "రెండుసార్లు టేపు వేసి కాపాడారట. ఇప్పుడు తీస్తే మాస్టారికి బాధ."

కోడలు పనుల పుస్తకం తెరిచి, పాత వాక్యం పక్కన ఖాళీలో చిన్నగా రాసింది: రెక్కలు ముందువి. వెనకది తోక. తర్వాత పైకి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, మొగుడి చేతులు పట్టుకుని చూసింది. గోళ్లు నల్లగా ఉన్నాయి, ఏ బండి పేరూ చెప్పనంత నల్లగా.

"చెప్పు మరి," అన్నాడు అతను. "ఏ బండి?"

"చిలక. రెక్కల కింద."

అతను కంచాలు కడగడానికి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.